ఓదెల దేవుని పేరు

పేరు చెప్పందే లోపలికి రానిచ్చేది లేదని ఇద్దరు ఆడబిడ్డలు దర్వాజాకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. కొత్త కోడలు మొగుడి పేరు చెప్పి గడప దాటడం ఆ వైపు ఆచారం. సుమకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. భూపాలపల్లి అవతల నుంచి మూడు గంటలు జీపులో కూర్చుని వచ్చింది. ఒంటి నిండా పసుపు వాసన, కడుపులో ఆకలి. తల వంచుకుని, పెదవులు కదిపీ కదపనట్టుగా "ఓదెలు" అంది.

"వినవడ్తలేదు. జర గట్టిగ."

"ఓదెలు!"

పందిరి కింద ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. అడ్డం పెట్టిన చేతులు తొలగాయి. సుమ కుడికాలు లోపల పెట్టింది.

ఆ సాయంత్రమే అత్త లచ్చవ్వ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో ఇంత బెల్లంముక్క పెట్టి చెప్పింది. "పొద్దుగాల అంటే ఆచారం బిడ్డా. ఇగ మల్ల తియ్యకు. ఆలి నోట పేరు ఎల్తే మొగనికి ఆయుష్షు తగ్గుతది."

లచ్చవ్వకు అది ఉత్తుత్తి మాట కాదు. మొదటి ఇద్దరు కొడుకులూ పురిట్లోనే పోయారు. ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే మూడోవాడు నిలిచాడు. దేవుడి పేరు నేరుగా పెట్టకుండా, దేవుడున్న ఊరి పేరు పెట్టుకున్నారు. అందుకే ఓదెలు. ఊళ్లో ఎవరు పిలిచినా పలికే పేరే, ఎవరు తీసినా అరగని పేరే. పెళ్లాం నోట్లో పడితేనే అరుగుతుందట. సుమ బెల్లం నోట్లో వేసుకుని సరే అంది. ఇంత చిన్న సంగతికి ఏమవుతుందిలే అనుకుంది.

పన్నెండేళ్లు గడిచాయి. ఆ పన్నెండేళ్లలో ఆమె మొగుణ్ని "ఇగో" అని పిలిచింది, "ఇంటున్నవా" అని పిలిచింది. బిడ్డ పుట్టాక "వెన్నెల వాళ్ల బాపు" అంది. సెల్‌ఫోన్ కొన్నాక నంబర్లన్నీ వెన్నెలే ఎక్కించింది కాబట్టి అందులో కూడా అతను "బాపు" అయ్యాడు. పేరు మాత్రం లేదు, ఎక్కడా లేదు.

ఓదెలు ట్రాక్టరు నడుపుతాడు. ఊళ్లో వడ్లు, మక్కలు, పత్తి, ఏది పండినా కేసముద్రం మార్కెట్‌కు చేర్చేది అతని బండే. చుక్క ముట్టడు, బీడీ కాల్చడు. పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడడు. ఎవరింట్లో కొడుకు చెడిపోయినా "ఓదెలును చూసి నేర్చుకోరా" అంటారు. తాగి కొట్టేవాళ్ల పెళ్లాలకు తెల్లారి ఒక సాకైనా దొరుకుతుంది, మైకంలో కొట్టాడులే అని. సుమకు ఆ పాటి ఆసరా కూడా దక్కలేదు. ఆమె మొగుడు మంచినీళ్లు తాగి, చేతులు తుడుచుకుని, తలుపు గొళ్లెం పెట్టి, అప్పుడు కొడతాడు. కూర చల్లగా ఉందని కొడతాడు. ఫోను రెండుసార్లు మోగినా ఎత్తలేదని కొడతాడు. ఎదురింటి వాళ్లతో నవ్వుతూ మాట్లాడిందని కొట్టి, మర్నాడు ముఖం మాడ్చుకుని కూర్చుందని కొడతాడు.

మన తెలుగులో ఓ వెసులుబాటు ఉంది. చేసినవాడి ఊసే లేకుండా మాట పూర్తి చేయొచ్చు. దెబ్బ తాకింది. చెయ్యి వాసింది. కన్ను కమిలింది. దెబ్బ దానంతట అదే నడిచొచ్చి తాకినట్టు, కన్ను దాని సరదాకే కమిలినట్టు. సుమ ఆ వెసులుబాటు మీదే పన్నెండేళ్లు కాపురం చేసింది. బావి దగ్గర, కూలిలో, పుట్టింటి ఫోన్లో అన్నిచోట్లా అవే మాటలు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కాంట్రాక్టు పనికి పోయే అన్న ఐలయ్య మాత్రం ఒకసారి "ఏమైందే?" అని అడిగాడు. "కాలు బెణికింది" అంది. "పైలం మరి" అన్నాడు. అన్న దగ్గర ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

నాలుగేళ్ల కింద చెయ్యి విరిగింది. ఎడమ చెయ్యి, మణికట్టుకు కాస్త పైన. ఓదెలు పొద్దున మక్కల లోడుతో పోతూ ఆమెను ట్రాక్టరు మీద ఎక్కించుకుని, కేసముద్రం బస్టాండు వెనక ఒక చిన్న ప్రైవేటు దవాఖాన ముందు దింపాడు. "చూయించుకొని బస్సుకు రా" అని పోయాడు. బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయిన దవాఖాన అది. లోపల ఒకే బల్ల, గోడకు ఆనించి ఒక బెంచీ. చీటీలు రాసే పిల్ల తలెత్తకుండా అడిగింది.

"పేరు?"

"సుమ."

"భర్త పేరు?"

సుమ కొంగు సర్దుకుంది. ఆధార్ కార్డు తెచ్చుకుంటే బాగుండేది, చూపించేసేది. చుట్టూ చూసింది, తన తరఫున చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. బెంచీ మీద ఒక ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడు.

"చెప్పమ్మా, ఎనక మంది ఉన్నరు."

"ఓదెల దేవుని పేరు" అంది సుమ మెల్లగా.

ఆ పిల్లది ఏ ఊరో ఏమో, క్షణం కూడా ఆగలేదు. ఓదెల దేవుడంటే మల్లన్న. భర్త: మల్లయ్య అని రాసి చీటీ చేతిలో పెట్టింది.

సుమ ఏడో తరగతి దాకా చదివింది. చీటీ చూసింది, తప్పు చూసింది. దిద్దించాలంటే అసలు పేరు నోటితో చెప్పాలి. పోనీలే అనుకుని బెంచీ మీద కూర్చుంది.

కాసేపటికి లోపలి నుంచి కేక వినిపించింది. "మల్లయ్య భార్య సుమ! మల్లయ్య భార్య సుమ ఎవరు?" సుమ లేచింది. లేస్తున్నప్పుడు ఎందుకో ఒంట్లో ఓ తేలిక. ఆ నాలుగడుగులూ ఆమె మల్లయ్య భార్యగా నడిచింది. మల్లయ్య ఎవరో ఆమెకు తెలియదు. కానీ ఎక్స్‌రే కోసం చెయ్యి చల్లటి పలక మీద పెట్టినప్పుడు, మల్లయ్యే అయితే గేటు బయట దింపిపోయేవాడు కాదు కదా అనిపించింది. బెంచీ మీద కూర్చునేవాడు. చెప్పులు ఎక్కడ విడిచిందో చూసుకునేవాడు. కట్టు కట్టాక "నొస్తుందా?" అని అడిగేవాడు. ఆలోచన అంతే, గింజంత. బస్సు ఎక్కేసరికి సిగ్గేసింది. చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

ఆ తర్వాత పక్కటెముకకని ఒకసారి, చెవికని ఒకసారి అదే దవాఖానకు పోయింది. పాత చీటీ చూపిస్తే పేరు అడగరు, చూసి రాసుకుంటారు. అట్లా మూడు చీటీలయ్యాయి. మూడింట్లోనూ ఆమె మల్లయ్య భార్యే. పారేయొచ్చు, పారేయలేదు. పెట్టెలో పెళ్లిచీర మడతలో దాచింది. వెన్నెల జనగామ గురుకులంలో చేరాక ఇల్లు మరీ బావురుమంది. అత్త గుడికి పోయి, మొగుడు బండి మీద పోయి, ఇంట్లో ఒక్కతే మిగిలిన మధ్యాహ్నాల్లో పెట్టె తీసి చీర సర్దేది. చీటీల జోలికి పోయేది కాదు. ఉన్నాయని తెలిస్తే చాలు ఆమెకు. ఎవరూ లేని మనిషి ఏదో ఒకటి దాచుకుంటుంది.

ఈ ఏడాది మార్చిలో ఓదెలు పొలం పాస్‌పుస్తకం కోసం పెట్టెలన్నీ గుల్ల చేశాడు. పాస్‌పుస్తకం దొరకలేదు, చీటీలు దొరికాయి.

ఆ రోజు అతను అరవలేదు. మంచం మీద కూర్చుని మూడు చీటీలూ మోకాలి మీద పరిచాడు. లచ్చవ్వ దర్వాజా దగ్గర బియ్యం చాటతో నిలబడి ఉంది.

"మల్లయ్య ఎవడే?" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనం సుమకు తెలుసు.

"ఎవ్వలు గాదు. తప్పు రాసిండ్రు. గది నీ పేరే."

"నా పేరా? నా పేరేంది?"

సుమ దర్వాజా దగ్గరున్న అత్త వైపు చూసింది.

"నా పేరు జెప్పు. నీ మొగని పేరు జెప్పు, ఇంటా."

లచ్చవ్వ చేతిలో చాట ఆగింది. "వద్దు బిడ్డా, పేరు తియ్యకు" అంది గబగబా. కొడుకు చెప్పమంటాడు, తల్లి వద్దంటుంది. చెప్తే ఆయుష్షు తగ్గుతుంది, చెప్పకపోతే రంకు అంటుకుంటుంది. సుమ నోరు తెరిచింది. పన్నెండేళ్లు వాడని మాట గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. నిజం చెప్పాలంటే సుమకు అప్పుడు భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది. ఇప్పుడు పేరు చెప్తే మల్లయ్య పోతాడు. ఉన్న ఒక్కడూ పోతాడు. ఆ మాట ఆమె ఎవరితో చెప్పుకోగలదు? నోరు మూసుకుంది.

ఓదెలు లేచి తలుపు గొళ్లెం పెట్టాడు.

మర్నాడు అతను మల్లయ్యను వెతుక్కుంటూ పోయాడు. ఊళ్లో మల్లయ్యలు ఇద్దరు. ఒకడు మూడో తరగతి చదువుతున్నాడు. రెండోవాడు మేకల మల్లయ్య, డెబ్బై దాటాయి, ఒక కన్ను కనిపించదు. పోయి మేకల దొడ్డి ముందు నిలబడి, చీటీలు ఎత్తి చూపించి, "నా పెండ్లాంతోని నీకేం పని?" అని అడిగితే ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "పెండ్లా? ఎవల పెండ్లి నాయినా?" అన్నాడు.

ఊరు నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుంది. వారం రోజులు వేరే మాట లేదు. నాటు కోళ్ల బేరం దగ్గర, కరెంటు బిల్లు లైను దగ్గర, కూలి ఆటోలో ఎక్కడ చూసినా అదే ముచ్చట. సుమ కనిపిస్తే చాలు, "మల్లయ్య పెండ్లాం వస్తుంది, జర జాగ ఇయ్యుండ్రి" అని ఒక ఇకఇక. తోటి ఆడవాళ్లే అన్నారు, అనాల్సినవాళ్లు కాదు గనకే ఎక్కువ గుచ్చుకుంది. చివరికి పెద్దమనిషి దుర్గయ్య ఇద్దర్నీ కూర్చోబెట్టి, చీటీలు అద్దాలు పెట్టుకుని చదివి, తీర్పు చెప్పాడు. "దవాఖానోళ్లు తప్పు రాసిండ్రు. ఓదెలని చెప్తే మల్లన్న అనుకున్నరు. గింత దానికి ఇల్లు ఆగం జేసుకుంటరా? పోండ్రి." అందరూ మళ్లీ నవ్వారు. ఓదెలు కూడా నవ్వాల్సి వచ్చింది. చీటీలు మడిచి దుర్గయ్యే సుమ చేతికిచ్చాడు.

చీటీ మీద మల్లయ్య ఎవరని ఊరంతా అడిగింది. చీటీ ఎందుకు పుట్టిందని ఒక్కరూ అడగలేదు.

ఒక్కరూ అంటే తప్పు. సఫియా బేగం అడిగింది. ఊరి మధ్యలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. సుమ కొత్త జాకెట్ గుడ్డ పట్టుకుపోయి, చేతులు మోచేతి కిందికి కుట్టమంది. సఫియా టేపు మెడలో వేసుకుని కళ్లజోడు మీంచి చూసింది.

"ఏప్రిల్ నెలల గింత పొడుగు చేతులా బేటీ? మొన్న చలికాలంల పొట్టియి కుట్టిచ్చుకుంటివి. అంతకు ముందు ఎండకాలం మల్ల పొడుగు." టేపు దించి, గొంతు తగ్గించింది. "గా మల్లయ్య సంగతి నాకొద్దు. చెయ్యి ఎట్ల ఇరిగింది?"

"ఇరిగింది" అంది సుమ.

"అదే ఇరగది బేటీ. నా మిషన్ సూది గూడ దానంతట అది ఇరగది. ఎవరో ఏదో చేస్తేనే ఇరుగుతది."

సుమ అక్కడ నిలబడి కళ్లలో నీళ్లు రాకుండా చూసుకుంది. ఎన్నేళ్లయిందో, ఒక మనిషి ఆమెను ఆమె గురించి అడిగి.

"మానుకోటల ఆడోళ్లకు సర్కారు పెట్టిన ఆఫీసు ఉంది. పోదామంటే చెప్పు, నేనొస్త తోడు" అంది సఫియా.

ఆ ఆఫీసు సుమకు తెలుసు. గురుకులం పరీక్షకు వెన్నెలను మానుకోట తీసుకుపోయినప్పుడు, కనిపించిన బోర్డల్లా గట్టిగా చదివే పిల్ల దాన్నీ చదివింది. "అమ్మా, కష్టంల ఉన్న ఆడోళ్లకంట." "మనకెందుకు, నడువు" అంది సుమ అప్పుడు. ఇప్పుడు కూడా సఫియాతో చూద్దాంలే అక్కా అని వచ్చేసింది. పన్నెండేళ్ల అలవాటు ఒక్క మాటకు కదలదు.

కదిలించింది ఓదెలే. నాలుగు రోజుల తర్వాత అన్నం తింటూ, వేళ్లు నాక్కుంటూ, ఎటో చూస్తూ అన్నాడు. "బుధారం పిల్ల సెలవులకొస్తది గదా. రానీ. నువ్వెట్లాగు జెప్పవు. దాన్నే అడుగుత, నువ్వు ఓదెలు బిడ్డవా, మల్లయ్య బిడ్డవా అని."

అని చెయ్యి కడుక్కున్నాడు.

సుమ ఎంగిలి కంచం తీసింది, బోర్లించింది, చీపురు పట్టింది. తన ఒంటి మీద పడేదాన్ని ఆమె వాన అనుకుని తడిసింది ఇన్నేళ్లూ. ఆ మాట పదకొండేళ్ల పిల్ల చెవిలో పడటం మాత్రం ఆమె ఊహించుకోలేకపోయింది. వెన్నెల ముఖం ఎలా మారుతుందో కళ్ల ముందు కనిపించింది. ఆ పిల్ల అన్నిటికీ జవాబు చెప్పాలనుకునే రకం. దీనికేం చెబుతుంది? బుధవారానికి రెండు రోజులుంది.

మర్నాడు పొద్దున ఓదెలు మక్కల లోడుతో కేసముద్రం పోయాక, సుమ మూడు చీటీలూ, ఆధార్ కార్డూ, రెండు జతల బట్టలూ జాకెట్ గుడ్డలు పెట్టుకునే సంచిలో సర్దింది.

"సఫియక్క కాడికి పోత అత్తా. జాకెట్ ఇచ్చేదుంది."

"పోయొస్త అనాలె" అంది లచ్చవ్వ, చింతపండు గింజలు తీస్తూ. పోతా అని ఎవరూ అనరు, పోయినవాళ్లు రారని. సుమ గడపలో ఒక్క క్షణం ఆగింది. ఆ మాట అనకుండానే దాటింది.

సఫియా ఇంటికి తాళం ఉంది.

జనగామలో కూతురు ఆస్మాకు నొప్పులొచ్చాయని తెల్లారే బండెక్కిందని పక్కింటామె చెప్పింది. ఎప్పుడొస్తుందో తెలియదు. సుమ తాళం వంక చూస్తూ నిలబడింది. తోడు వస్తానన్న ఒక్క మనిషి లేదు. ఇంటికి పోతే పది నిమిషాలు. అత్త ఇంకా చింతపండు దగ్గరే ఉంటుంది, సంచి ఎందుకు బరువుగా ఉందని కూడా అడగదు. అంత సులువు వెనక్కి పోవడం. సుమకు ఏడుపొచ్చింది, సఫియా మీద కోపం కూడా వచ్చింది, అన్యాయమని తెలిసీ. కాసేపు అరుగు మీద కూర్చుంది. తర్వాత లేచి రోడ్డెక్కింది.

నవాజ్ ఆటో వచ్చింది. మూడు మిర్చి బస్తాలు, ఇద్దరు ముసలివాళ్లు, సుమ. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయాక ఆటో మెల్లబడింది. ముందు ఏదో ట్రాక్టరు, ట్రాలీ నిండా మక్కలు, రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. సుమ తల వంచి చూసింది. ట్రాలీ వెనక రేకు మీద పసుపు రంగులో మల్లన్న బొమ్మ. డ్రైవరు సీటులో తెలిసిన వీపు. ఎప్పుడో బయల్దేరినవాడు, ఎక్కడో టైరు గాలికి ఆగి ఉంటాడు.

నవాజ్ హారన్ కొట్టాడు. ట్రాక్టరు తప్పుకోలేదు. తల బయటికి పెట్టి కేకేశాడు.

"ఓ ఓదెలన్నా! జర సైడియ్యే! ఓదెలన్నా!"

సుమ మిర్చి బస్తా వెనక్కి ఒరిగింది. ఘాటుకు కళ్లు మండాయి, గొంతులో దగ్గు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. నవాజ్ మళ్లీ మళ్లీ పిలుస్తున్నాడు. ఎంత తేలిగ్గా పిలుస్తున్నాడు! లోకంలో ప్రతివాడి నోట్లోనూ నలిగే పేరు, ఒక్క తన నోట్లోనే రాయిలా ఎందుకుంది? ట్రాక్టరు పక్కకు జరిగింది. ఆటో దాన్ని ఒరుసుకుంటూ దాటింది. దాటుతున్నప్పుడు ఓదెలు చెయ్యెత్తి నవ్వుతూ నవాజ్‌ను పలకరించాడు. మంచివాడి నవ్వు అది, ఊరికి తెలిసిన నవ్వు.

కేసముద్రం స్టేషన్లో మానుకోట బండి దొరికింది.

ఆఫీసులో రెండు గదులు, ఒక పంకా, నీళ్ల క్యాను. బల్ల వెనక కూర్చున్న మేడం పేరు జమ్లీ. తండా నుంచి చదువుకుని వచ్చిన మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. ముందు నీళ్లిచ్చింది. తర్వాత చీటీలు తీసుకుని ఒక్కొక్కటే చదివింది. చెయ్యి. పక్కటెముక. చెవి.

"ఈ మల్లయ్యనేనా కొట్టింది?"

"కాదు మేడం" అంది సుమ గబుక్కున. "మల్లయ్య ఎన్నడు కొట్టలే."

"మరి మల్లయ్య ఎవరు?"

సుమ చీటీల వైపు చూసింది. మడతల దగ్గర చిరుగులు పట్టాయి. బెంచీ మీద తన పక్కన కూర్చున్నవాడు, చెప్పులు చూసుకున్నవాడు, నొస్తుందా అని అడిగినవాడు.

"ఎవ్వలు గాదు" అంది. "లేడు."

ఆ మాట అన్నాక ఆమెకు ఎప్పుడూ లేనంత ఒంటరిగా అనిపించింది. ఉన్నవాడి కోసం కాదు, లేనివాడి కోసం కళ్లు తుడుచుకుంది.

అంతలో సంచిలో ఫోను మోగింది. తీసి చూసి బల్ల మీద పెట్టేసింది. జమ్లీ దాని మీది పేరు చదివింది.

"బాపు అని ఉంది. మీ నాయిననా?"

"కాదు. నా బిడ్డ నాయిన."

"ఎత్తకు. కొట్టింది ఆయననేనా?"

సుమ తల ఊపింది.

"తల ఊపితే కాయిదం మీదికి రాదమ్మా. పేరు చెప్పాలె."

ఫోను మోగి మోగి ఆగింది. సుమ బల్ల అంచు పట్టుకుంది. ఓదెల దేవుని పేరు అని నాలుక మీదికి వచ్చింది, అలవాటు ప్రకారం. అది అంటే ఇంకో చీటీ, ఇంకో మల్లయ్య. అమ్మాయి ఎవరి బిడ్డ అని అడిగించుకునే ఇంకో రాత. జమ్లీ తొందర పెట్టలేదు, పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"ఓదెలు" అంది సుమ.

పంకా చప్పుడులో అది కలిసిపోయింది.

"వినవళ్లేదు. జర గట్టిగ చెప్పు."

సుమ ఉలిక్కిపడింది. పసుపు వాసన, ఆకలి, అడ్డం పెట్టిన చేతులు. ఆ రోజు కూడా ఇదే మాట అడిగారు. ఆ రోజు గట్టిగా చెప్పింది, దారి ఇచ్చారు.

"ఓదెలు" అంది. "ఓదెలు కొట్టిండు. నా చెయ్యి ఓదెలు ఇరగ్గొట్టిండు."

గొంతు ఎక్కువే లేచినట్టుంది, పక్క గదిలో ఎవరో తొంగి చూశారు. సుమ ఫోను వైపు చూస్తూ కూర్చుంది. ఏం జరుగుతుందో ఆమెకే తెలియదు. పన్నెండేళ్లు దాచిన పేరు బయట పడింది. ఎక్కడో ఏదో ఒకటి కావాలి.

బల్ల మీద ఫోను మళ్లీ మోగింది. బాపు. మనిషి నిక్షేపంలా ఉన్నాడు.

సుమకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. పిచ్చి లచ్చవ్వ. పేరుతో తగ్గే ఆయుష్షు అతనిది కానే కాదు. పేరు నోట్లో దాచుకుని తగ్గించుకున్నది ఎవరి ఆయుష్షో ఇన్నాళ్లూ అత్తకూ తెలియలేదు, తనకూ తెలియలేదు.

"మేడం, రేపే బుధారం, నా బిడ్డకు సెలవులిస్తరు. జనగామ గురుకులం. ఆయన కంటే ముందు నేను పోవాలె."

"మనమే పోదాం. బడోళ్లకు ఇప్పుడే ఫోన్ చేస్త." జమ్లీ పైన రాసుకున్న మల్లయ్య పేరు కొట్టేసి, కొత్త కాయితం తీసింది. "రాత్రికి ఇక్కడనే ఉండొచ్చు. మంచముంది. తోడు ఎవరన్న ఉన్నరా?"

"లేరు" అంది సుమ. "ఒక్కదాన్నే వచ్చిన."

"మంచిది. మొదటి సంది చెప్పు. ఎప్పటి సంది కొడ్తున్నడు?"

సుమ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఫోను బల్ల మీద మోగుతూనే ఉంది. దాన్ని బోర్లించింది.

"పెండ్లి తెల్లారి, గడప కాడి సంది చెప్త" అంది. "రాసుకోండ్రి."